తాతయ్య మంచివాడే, మరి నాన్న?

ప్రశ్న: నా వయసు 36. మధురవాడలో ఉంటాం, ప్రైవేటు బ్యాంకులో పని చేస్తున్నాను. ఆరేళ్ల పాప. రెండేళ్ల క్రితం నాన్నకి గుండెకి స్టెంట్ వేశాక అమ్మానాన్నల్ని గాజువాక నుంచి మా ఫ్లాట్‌కి తెచ్చుకున్నాం. నా చిన్నతనమంతా నాన్న తాగుడుతోనే గడిచింది. నాన్నకి బి షిఫ్టు డ్యూటీ ఉన్న వారం రాత్రి పదిన్నరకి గేటు గడియ చప్పుడు కాగానే నిద్ర నటించేదాన్ని. తమ్ముడు నాకంటే ఐదేళ్లు చిన్న, వాడి చెవులు మూసేదాన్ని. నాన్న ఎక్కువగా అమ్మనే కొట్టేవారు. నన్ను కొట్టింది నాలుగైదుసార్లే. ఆరేళ్లప్పుడు పాలు ఒలకబోశానని స్టీలు గ్లాసు విసిరారు. కనుబొమ్మ మీద గీత ఇంకా ఉంది. పాప అడిగితే మెట్ల మీద పడ్డానని చెప్పాను.

పాప పుట్టిన నెలలోనే నాన్న మందు మానేశారు. ఇప్పుడు దానికి జడ వేస్తారు, స్కూలు వ్యాను వచ్చేదాకా కింద నిలబడతారు. పోయిన నెల పాప ఆయన ఒళ్లో పాలు ఒలకబోసింది. "పోన్లే తల్లీ, పాలేగా" అని నవ్వి తుడుచుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. ఆ రాత్రి హోంవర్కు దగ్గర ఏమీ లేనిదానికి పాప చెంప మీద కొట్టాను. అది నన్ను చూసిన చూపు ఎలాంటిదో నాకు తెలుసు.

అమ్మ "అయిపోయిందేదో అయిపోయింది, ఇంక ఒగ్గేయే" అంటుంది. తమ్ముడు "నాకేం గుర్తు లేదక్కా" అంటాడు. మావారు పాజిటివ్‌గా ఆలోచించమంటారు. రాత్రి పదిన్నరకి లిఫ్టు తలుపు చప్పుడైతే నాకు ఇప్పటికీ భుజాలు బిగుసుకుపోతాయి. అప్పటికి నాన్న లోపల గదిలో నిద్రపోతూ ఉంటారు. నా కూతురి మీద నాకే అసూయగా ఉంది. ఇది బయటికి చెప్పుకునే మాటేనా?

ఇంకొకటి. ఎనిమిదేళ్లప్పుడు అమ్మ సింహాచలం తీసుకెళ్లి, కప్పస్తంభాన్ని కౌగిలించుకుని ఏదైనా కోరుకోమంది. నాన్న డ్యూటీ నుంచి ఇంటికి తిరిగి రాకూడదని కోరుకున్నాను. స్టెంట్ వేసిన రోజు ఆసుపత్రి వరండాలో అదే గుర్తొచ్చింది. నేను ఆయన్ని క్షమించాలా? క్షమిస్తేనే ఇదంతా పోతుందా?
- ఎస్., మధురవాడ

సమాధానం:

అమ్మా,

ముందు పాప సంగతి చూద్దాం. మిగతావన్నీ ముప్ఫై ఏళ్ల నాటివి, ఆ చెంపదెబ్బ పోయిన నెలది.

పాపని పక్కన కూర్చోబెట్టుకుని ఇలా చెప్పండి: "ఆ రోజు హోంవర్కు దగ్గర నిన్ను కొట్టాను. తప్పు నాది, నీది కాదు. నాకు వేరే విషయం మీద ఏడుపొచ్చింది, ఆ కోపం నీ మీద చూపించాను." అంతే. "నువ్వు కూడా మాట వినాలి కదా" అని చివర్లో తగిలించకండి. అది తగిలిస్తే ముందు చెప్పిందంతా పోతుంది. చాక్లెట్ కూడా వద్దు. మన ఇళ్లల్లో పిల్లల్ని కొట్టాక పెద్దవాళ్లు క్షమాపణ చెప్పరు, రాత్రి అన్నంలో ఇంకో చెంచా నెయ్యి వేస్తారు. ఆ నెయ్యిలో ప్రేమ ఉందని పిల్లకి తెలుస్తుంది గానీ తప్పు ఎవరిదో మాత్రం తేలదు. తనదే అనుకుంటుంది. మీరు అలాగే అనుకుని పెరిగారు. పాలు ఒలకబోయకుండా ఉంటే గ్లాసు ఎగిరేది కాదని మీలో ఒక మూల ఇప్పటికీ నమ్ముతున్నారని నా అనుమానం.

మళ్లీ చెయ్యి లేచేలా అనిపిస్తే హోంవర్కు అక్కడే వదిలేసి బాల్కనీలోకి వెళ్లిపోండి. ఒక్కరోజు లెక్కలు చేయకపోతే కొంపలేం మునగవు. ఇక కనుబొమ్మ గీత. మెట్ల కథ ఇంక పొడిగించకండి. "చిన్నప్పుడు దెబ్బ తగిలింది, ఇప్పుడు నొప్పి లేదు. ఎలా తగిలిందో నువ్వు పెద్దయ్యాక చెప్తాను" అనండి. అబద్ధం ఆడలేదు, తాతయ్యని ఆరేళ్ల పిల్ల ముందు నిలబెట్టనూ లేదు. నిజం చెప్పడానికి ఆ పిల్లకి పదహారేళ్లు వచ్చేదాకా ఆగినా ఫరవాలేదు.

ఇప్పుడు పాల దగ్గరికి వద్దాం. మీ ఉత్తరమంతా అక్కడే ఉంది.

మీరు అసూయ అన్నారు. నాకది అసూయలా అనిపించలేదు. మన ఇళ్లల్లో దాన్ని బెంగ అంటారు. హాస్టల్లో చేర్చిన పిల్ల ఇంటి మీద పెట్టుకుంటుందే, అదీ. ఇన్నేళ్లూ మీరు ఒక మాట పట్టుకుని నెట్టుకొచ్చారు: ఆయన తీరే అంత, ప్రేమగా ఉండటం ఆయనకి చేతకాదు. చేతకానివాడి మీద కోపమైనా ఎంతకని తెచ్చుకుంటాం? ఆ రోజు ఆయన పాలు తుడుచుకుంటూ నవ్వేసరికి ఆ మాట కాస్తా కూలిపోయింది. ఆయనకి చేతనవునని మీ కళ్లతో చూశారు. మీకు ఆరేళ్లున్నప్పుడు అందాల్సిన నాన్న ఆ మనిషిలోనే ఎక్కడో ఉన్నాడు. మీకు అందలేదు, మీ కూతురికి అందుతున్నాడు. పైగా మందు మానేసింది కూడా పాప కోసమే. మీ కోసం మానలేదు, అమ్మ కోసం మానలేదు. ఇది చూసి గుండె భగ్గుమనకపోతేనే ఆశ్చర్యపోవాలి.

మనిషి పోతే పదకొండో రోజు, పన్నెండో రోజు అని ఉంటాయి. చుట్టాలు వచ్చి కూర్చుంటారు, ఏడ్చినా ఎవరూ ఎందుకని అడగరు. మీకు పోయినదాని కోసం ఎవరూ రారు, ఎందుకంటే మనిషి ఎదురుగా కూర్చుని పిల్లకి జడ వేస్తున్నాడు. మీకు కోపంలా పైకి కనిపిస్తున్నదాంట్లో సగానికి పైగా ఏడవకుండా మిగిలిపోయిన ఏడుపే. వంటింట్లో ఆ రోజు మొదలుపెట్టారు. మంచిదే అయింది. ఇంకా చాలా ఉంది, రానివ్వండి.

"నన్ను కొట్టింది నాలుగైదుసార్లే" అన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆ "లే" ఎవరి కోసం పెట్టారు? అమెరికాలో 1998లో అచ్చయిన ఒక పెద్ద పరిశోధన ఉంది. చిన్నతనంలో పడ్డ కష్టాలకీ పెద్దయ్యాక వచ్చే జబ్బులకీ ఉన్న సంబంధాన్ని వేల మంది పెద్దవాళ్లని అడిగి లెక్కతీశారు. ఆ కష్టాల జాబితాలో పిల్లని కొట్టడం ఉంది. దాంతోపాటు ఇంట్లో తాగుడు ఉండటం, తల్లిని కొట్టడం కూడా వేరువేరుగా లెక్కలో ఉన్నాయి. ఒక్క దెబ్బ తినకపోయినా, పక్క గదిలో తమ్ముడి చెవులు మూసి కూర్చున్న పిల్లకి జరిగింది జరిగినట్టే. మీది చిన్న కష్టం కాదు. నలుగురికీ చెప్పక్కర్లేదు గానీ, మీకు మీరు తగ్గించి చెప్పుకోవడం మానేయండి.

తమ్ముడు కూడా అబద్ధం ఆడటం లేదు. ఆ గ్లాసు ఎగిరినప్పుడు అతనికి ఏడాది. అతనికి ఊహ తెలిసేసరికి నాన్న వయసు వేరు, ఇంటి పరిస్థితి వేరు. ఒకే ఇంట్లో పెరిగిన అక్కాతమ్ముళ్లకి ఇద్దరు వేరువేరు నాన్నలు ఉండటం చాలా ఇళ్లల్లో జరిగేదే. అదీ గాక, అతని చెవులు మూసింది మీరు. అతనికి గుర్తు లేదంటే ఆ చేతులు బాగానే పని చేశాయన్నమాట. సాక్ష్యం కోసం అతన్ని పిలవకండి. కావాలంటే ఎప్పుడైనా ఈ చెవుల సంగతి ఒక్కటే చెప్పండి.

లిఫ్టు తలుపు గురించి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక మన విశాఖలో ఎలా ఉండేదో గుర్తుందా? కరెంటు వచ్చింది, రోడ్ల మీద పడ్డ చెట్లు తీశారు, అద్దాలు మార్చుకున్నాం. అయినా చాలా నెలలపాటు రాత్రి గాలి కాస్త గట్టిగా వీస్తే నేను లేచి కిటికీ గడియలు చూసేదాన్ని. తుఫాను లేదని నాకు తెలుసు, కాళ్లకి తెలియదు. మీ భుజాల సంగతీ అంతే. ప్రమాదాన్ని పసిగట్టే భాగం ఒకటి మెదడులో ఉంటుంది. అది క్యాలెండర్ చూడదు. గడియ చప్పుడు, రాత్రి పదిన్నర, తర్వాత అరుపులు అని మీ చిన్నప్పుడు కొన్ని వందల రాత్రులు దానికి పాఠం చెప్పాయి. అది ఆలోచన కంటే ముందే పని చేస్తుంది కాబట్టి పాజిటివ్‌గా ఆలోచించినంత మాత్రాన ఆగదు. మీవారిది మంచి మనసే, ఈ సలహా మాత్రం పక్కన పెట్టండి.

దానికి కొత్త పాఠం చెప్పాలి, అదీ ఒంటి ద్వారానే. చప్పుడు కాగానే రెండు పాదాలూ నేలకి ఆనించండి. గాలి మెల్లగా వదలండి, పీల్చినదానికంటే వదలడం ఎక్కువసేపు ఉండాలి. గదిలో కనబడే వస్తువులు ఐదు, పైకి వినబడేలా పేర్లు చెప్పండి. పాప వాటర్ బాటిల్, ఆరేసిన చున్నీ, ఏదైనా సరే. తర్వాత "ఇది మధురవాడ. నాకు 36. అది లిఫ్టు" అనండి. వినడానికి పిచ్చిగా ఉంటుంది. ముందు మీవారికి చెప్పి ఉంచండి, లేకపోతే ఆయన కంగారుపడతారు. ఆయన మీకు నిజంగా సాయం చేయాలనుకుంటే ఆ పదినిమిషాలు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే చాలు, ఏమీ మాట్లాడక్కర్లేదు. వారం రోజుల్లో పోదు. మెల్లగా ఆ బిగింపు తొందరగా వదలడం మొదలవుతుంది.

ఇక అమ్మ. మీ ఉత్తరంలో నాన్న గురించి సగం పేజీ ఉంది, అమ్మ గురించి ఒక్క మాట. ఆ అమ్మని చూస్తే మీకు జాలి. జాలి కింద కోపం లేదా? "ఎందుకు నన్ను తీసుకుని వెళ్లిపోలేదు?" అని ఎప్పుడూ అనిపించలేదా? దెబ్బలు తిన్న మనిషి మీద కోపం రావడం పాపమనిపించి చాలామంది దాన్ని కూడా నాన్న ఖాతాలోనే వేసేస్తారు. అమ్మ ఒగ్గేయమనేది మీ మంచికే అనుకుంటుంది. ఆవిడకి ఆ తలుపు మూసి ఉంచడం అవసరం. తెరిస్తే, ముప్ఫై ఐదేళ్లకి పైగా ఆ ఇంట్లో ఎందుకున్నానన్న ప్రశ్న ముందు ఆవిడకే ఎదురవుతుంది. ఆవిడ చేత ఏదీ ఒప్పించకండి. మళ్లీ ఆ మాట అన్నప్పుడు "నువ్వు ఒగ్గేశావు, నాకింకా కుదరలేదమ్మా" అనండి, అని పని చూసుకోండి. ఏదో ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆవిడే మొదలుపెట్టవచ్చు. మొదలుపెడితే మధ్యలో ఆపకుండా వినండి.

క్షమించాలా అని అడిగారు. అక్కర్లేదు. క్షమిస్తేనే నయమవుతుందనే మాట ప్రవచనాల్లో బాగుంటుంది, నేను దాన్ని నమ్మను. క్షమ వస్తే వస్తుంది, రాకపోయినా మనిషి కోలుకోవచ్చు. మీరు రోజూ పొద్దున్న ఆయనకి మాత్రలు తీసి ఇస్తున్నారు, చెకప్‌కి తీసుకెళ్తున్నారు. కూతురిగా చేయాల్సింది చేస్తున్నారు. లోపల కూడా మెత్తబడి తీరాలని మీ మీద ఎవరూ పన్ను వేయలేరు. ఆయన మారారన్నది నిజం, దాన్ని కాదనకండి. ఆయన చేసిందీ నిజమే. ఈ రెండిట్లో ఒకదాన్ని కొట్టేస్తేనే మనశ్శాంతి అనుకుని అమ్మ ఒకటి కొట్టేసింది, మీరు కొన్నాళ్లు రెండోది కొట్టేయాలని చూశారు. రెండూ ఉండనివ్వండి.

ఆయనతో మాట్లాడాలా? ఇప్పుడే వద్దంటాను. స్టెంట్ వేశారన్న భయంతో కాదు. ఆయన ఏమంటారో దాని మీద మీరు ఇంకా వేలాడుతున్నారు, అందుకు. "ఆ రోజుల్లో అందరూ అంతే" అనొచ్చు. "నేనెప్పుడు విసిరాను?" అనొచ్చు. తాగిన రాత్రులు ఆయనకి నిజంగానే గుర్తుండకపోవచ్చు కూడా. ఏడ్చేస్తే, ఓదార్చాల్సింది మళ్లీ మీరే అవుతారు. ఈ మూడింట్లో ఏది జరిగినా తట్టుకోగలనని అనిపించిన రోజు, పండగ కాని రోజు, అమ్మ రాయబారం లేకుండా మీరే వెళ్లి ఒక్క సంగతి చెప్పండి: "ఆ గ్లాసు విసిరిన రోజు నాకు గుర్తుంది నాన్నా." జాబితా చదవకండి. ఆ రోజు ఎప్పటికీ రాకపోయినా నష్టం లేదు.

అప్పటిదాకా కాగితం మీద రాయండి. జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1986లో ఒక చిన్న ప్రయోగం ఫలితాలు అచ్చు వేశారు. కాలేజీ విద్యార్థుల్ని వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, తమకి జరిగిన చేదు విషయాలు రాయమన్నారు. జరిగిందీ దానికి తమకేమనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు. కానీ రాసిన వెంటనే మాత్రం వాళ్లకి దిగులు పెరిగింది. తర్వాత జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే లాభం చిన్నదేనని తేలింది, కాబట్టి దీన్ని మంత్రమనుకోకండి. రాత్రి పడుకునే ముందు వద్దు. బ్యాంకు లేని శనివారం పొద్దున్న, పాప బొమ్మలు వేసుకుంటున్నప్పుడు రాయండి. అలారం పెట్టుకుని రాసి, మోగగానే ఆపేయండి. అదే విషయం మనసులో గిరగిర తిప్పుతూ ఉంటే మాత్రం అది రాయడం కాదు, దురదపెట్టిన చోటే గీరుకోవడం. రాసిన ప్రతిసారీ ఒక కొత్త సంగతైనా బయటపడుతోందా అని చూసుకోండి. పడటం లేదంటే మానేయండి.

ఇది మీరొక్కరే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సింది కాదు. ఏళ్ల తరబడి ఇంట్లో హింస మధ్య పెరిగినవాళ్లకి వచ్చే ఇలాంటి బాధని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల జాబితాలో విడిగా ఒక పేరు పెట్టి చేర్చారు. మీకు అదే ఉందని నేను ఉత్తరం చూసి చెప్పను, చెప్పకూడదు. మందులు లేకుండా మాటలతో చేసే చికిత్సలు దీనికి ఉన్నాయి. మొదట 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. నిద్ర పూర్తిగా పోయినా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే చేయండి. ఎదురుగా కూర్చుని మాట్లాడాలంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు ఎత్తితే మన ఊళ్లో నవ్వుతారు, నాకు తెలుసు. నిద్ర పట్టనివాళ్లూ దిగులుతో ఉన్నవాళ్లూ కూడా అక్కడి ఓపీకి వెళ్లి, చూపించుకుని, ఇంటికొచ్చి వంట చేసుకుంటారు. ప్రైవేటుగా వెళ్లాలనుకుంటే క్లినికల్ సైకాలజిస్టుకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటపడకుండా అడగండి. రెండు రోజుల్లో చిన్ననాటి గాయాలు మాన్పుతామని హోటళ్లలో పెట్టే వర్క్‌షాపుల జోలికి మాత్రం పోవద్దు. అందరి ముందూ గాయం తెరిపిస్తారు, సోమవారం కట్టు కట్టడానికి ఎవరూ ఉండరు.

చివరికి కప్పస్తంభం. దీనికి సమాధానం కోసమే మీరు మిగతాదంతా రాశారేమో.

ఎనిమిదేళ్ల పిల్లకి చావంటే ఏమిటో పెద్దవాళ్లకి తెలిసినంతగా తెలియదు. తను అనుకున్నది జరిగిపోతుందేమోనని ఇంకా అనిపించే వయసు. మీరు నాన్న చావాలని కోరుకోలేదు. గేటు గడియ చప్పుడు వినబడకూడదని కోరుకున్నారు, ఆ వయసుకి తెలిసిన మాటల్లో. పిల్లలు కావాలనీ ఉద్యోగం కావాలనీ ఆ స్తంభాన్ని ఎంతమంది కౌగిలించుకుని ఉంటారు! ఒక్క రాత్రి భయం లేకుండా నిద్రపోవాలని అడిగిన పిల్ల మీద అప్పన్నకి కోపం వస్తుందని నేననుకోను. స్టెంట్‌కి కారణం ఆయన గుండె రక్తనాళాలు, ఏళ్ల తరబడి ఆయన నడిపిన బతుకు. అప్పటికి ఇరవయ్యారేళ్ల కిందటి మీ కోరిక కాదు. తీర్చాల్సిన మొక్కూ లేదు, కట్టాల్సిన జరిమానా లేదు. కొండకి వెళ్లాలనిపిస్తే పాపని తీసుకుని మామూలుగా వెళ్లి రండి.

ముందు మాత్రం ఆ హోంవర్కు రోజు సంగతి పాపతో మాట్లాడండి. పాప ఏమందో నాకు రాయండి.